చివల్రీ 2, మోర్డ్‌హావ్ లో కొత్తవాళ్ళు అంత త్వరగా ఎందుకు చనిపోతారు, చావకుండా ఉండాలంటే ముందు ఏం అర్థం చేసుకోవాలి

చివల్రీ 2, మోర్డ్‌హావ్ అంటే మధ్యయుగం నాటి కత్తులు, గొడ్డళ్ళతో ఆన్‌లైన్ లో గుంపులుగా కొట్టుకునే గేములు. వీటిలో ఏదైనా మొదటిసారి ఆడిన వాళ్ళని అడగండి, దాదాపు అందరూ ఒకటే చెప్తారు, "పరిగెత్తుకుంటూ వెళ్ళాను, గుంపులో దూరాను, కనిపించినోడిని కొట్టాను, ఎవడో రెండు వేశాడు, స్క్రీన్ ఎర్రబడింది, అయిపోయింది" అని. మళ్ళీ స్పాన్ (చచ్చాక మళ్ళీ పుట్టడం), మళ్ళీ అదే పరుగు, మళ్ళీ అదే చావు. ఒక గంట ఇలా గడిచాక చాలామంది తేల్చేసుకునేది ఏంటంటే, మన రిఫ్లెక్స్ సరిపోవు, ఈ గేమ్ చిన్నపిల్లలకే వర్కవుట్ అవుద్ది అని అన్‌ఇన్‌స్టాల్ కొట్టేస్తారు. నాకు బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే అసలు కారణం అది కాదు. ఈ గేముల్లో చేతి స్పీడ్ కావాల్సిందే, కానీ అది తేడా చూపించేది చాలా పై లెవెల్ లో. కింది లెవెల్ లో మనిషిని చంపేది రెండే విషయాలు, ఇప్పుడు వంతు ఎవరిదో తెలియకపోవడం, తను ఎక్కడ నిలబడ్డాడో చూసుకోకపోవడం. ఈ రెండూ బుర్రకి ఎక్కితే అదే చేతులతో, అదే మౌస్‌తో ఇప్పుడు బతికే దానికంటే చాలా ఎక్కువసేపు బతుకుతారు.

ముందు ఒక సంగతి చెప్పుకోవాలి, మీరు ఎవరితో ఆడుతున్నారో తెలియాలి కదా. ఈ జాతి గేములు నిన్నా మొన్నా పుట్టినవి కాదు. 2007 లో హాఫ్‌లైఫ్ 2 అనే గేమ్ మీద ఏజ్ ఆఫ్ చివల్రీ అని ఒక మోడ్, అంటే ఉన్న గేమ్ ని మార్చి కట్టిన ఆట, వచ్చింది, ఆ టీమ్ లోంచే కెనడాలో టోర్న్ బ్యానర్ స్టూడియోస్ తయారై 2012 లో చివల్రీ మెడీవల్ వార్‌ఫేర్ రిలీజ్ చేసింది. 2010 లోనే టర్కీ వాళ్ళ మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్ ఉంది. 2019 ఏప్రిల్ లో ట్రైటర్నియన్ అనే చిన్న టీమ్ మోర్డ్‌హావ్ తెచ్చింది, 2021 జూన్ లో చివల్రీ 2 వచ్చింది, ఏడాది తర్వాత స్టీమ్ అనే పీసీ గేముల స్టోర్ లోకి కూడా వచ్చింది. అంటే మీ ఎదురుగా నిలబడ్డవాడు పదేళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నవాడు అయ్యే ఛాన్స్ గట్టిగా ఉంది. షూటర్ల (తుపాకీ గేముల) లాగా కొత్తగా కోట్లమంది వచ్చిపడే గేములు కావు ఇవి, ఉన్నవాళ్ళలో పాతవాళ్ళు ఎక్కువ. కాబట్టి మొదటి వారం చచ్చిపోవడాన్ని మీ చేతకానితనం అనుకోవద్దు, కానీ ఎందుకు చచ్చారో తెలుసుకోకుండా చావడం మాత్రం దండగ.

సరే, అసలు విషయానికొద్దాం. ఒక దెబ్బ అంటే ఏంటి? షూటర్ లో అయితే క్లిక్ చేశామా, గుండు వెళ్ళిందా, అంతే. ఇక్కడ అలా కాదు, ప్రతి దెబ్బలో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది ఆయుధాన్ని వెనక్కి లాగి ఎత్తడం, దీన్ని విండప్ అంటారు. రెండోది ఆయుధం గాల్లో తిరిగి దిగడం, ఇది రిలీజ్. మూడోది దెబ్బ అయిపోయాక మళ్ళీ నిలదొక్కుకోవడం, ఇది రికవరీ. విండప్ లో ఉండగా దెబ్బ ఇంకా పుట్టలేదు, అప్పుడు దాన్ని ఆపేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, కానీ ఆ టైమ్ లో అవతలివాడి దెబ్బ తగిలిందంటే మీ దెబ్బ అక్కడికక్కడే రద్దు. రిలీజ్ లో ఉండగా ఆయుధం ఏ పాయింట్ లో తగిలినా దెబ్బే. రికవరీ లో మీరు ఊరికే దొరికిపోయినట్టే.

ఈ మూడింటిలో చాలామంది పట్టించుకోనిది రిలీజ్. బ్లేడ్ అర్ధచంద్రాకారంగా తిరుగుతున్నంతసేపూ పదునుగానే ఉంటుంది, పైగా మౌస్ తిప్పితే మీ ఒళ్ళూ తిరుగుతుంది, ఒంటితో పాటు బ్లేడూ తిరుగుతుంది. కుడి నుంచి స్లాష్, అంటే అడ్డంగా ఊపే దెబ్బ, కొడుతూ ఎడమకి గబుక్కున తిరిగితే బ్లేడ్ అనుకున్న దానికంటే ముందే తగులుతుంది, దీన్ని యాక్సెల్ అంటారు. అదే కుడికి తిరుగుతూ కొడితే బ్లేడ్ లేటుగా, వంకరగా, చివర్లో వచ్చి తగులుతుంది, ఇది డ్రాగ్. కొత్తవాడికి ఇది చీటింగ్ లాగా కనిపిస్తుంది, "నేను బ్లాక్ చేశాను కదా, అయినా ఎలా తగిలింది" అని. బ్లాక్ చేశారు నిజమే, కానీ మోర్డ్‌హావ్ లో అయితే మీ ప్యారీ (టైమ్ చూసి నొక్కే బ్లాక్) అయిపోయాక బ్లేడ్ వచ్చింది, లేదా మీరు చూస్తున్న వైపు కాకుండా పక్కనుంచి వచ్చింది. దీనికి మందు ఒకటే, మనిషి మొహాన్నీ ఛాతీనీ చూడటం మానేసి ఆయుధం కొసని చూడండి, కొస ఎటు వెళ్తే క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు) అటు వెళ్ళాలి. ఎత్తినప్పుడు కాదు, మీ దాకా వచ్చినప్పుడు బ్లాక్. మొదట్లో ఇది చాలా అసహజంగా ఉంటుంది, మనకి మనిషి కదిలితే చెయ్యి కదిలిపోతుంది. అలవాటైతే మాత్రం సగం మాయలు విడిపోతాయి.

ఇప్పుడు వంతు సంగతి. నా ఉద్దేశంలో ఈ మొత్తం గేముల జాతికి గుండెకాయ ఇదే, ట్యుటోరియల్ లో బటన్లు నేర్పిస్తారు గానీ దీన్ని గట్టిగా చెప్పరు. చూడ్డానికి ఇద్దరూ ఇష్టమొచ్చినట్టు ఊపుకుంటున్నట్టు ఉంటుంది గానీ లోపల మాత్రం అది వంతులవారీగా నడిచే ఆట. మీ దెబ్బ అవతలివాడికి తగిలితే తర్వాతి వంతు కూడా మీదే. వాడి దెబ్బని మీరు బ్లాక్ చేస్తే వంతు మీకు వచ్చింది. మీ దెబ్బని వాడు బ్లాక్ చేస్తే వంతు వాడికి పోయింది. వాడి దెబ్బ మీకు తగిలితే వంతు వాడి దగ్గరే ఉండిపోయింది. ఈ నాలుగు ముక్కలు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించుకున్నా తప్పులేదు.

ఒక్క పోట్లాటని దగ్గర్నుంచి చూద్దాం. మీరు చివల్రీ 2 లో ఫుట్‌మ్యాన్ అనే క్లాస్ (సైనికుడి రకం), చేతిలో హాల్బర్డ్, అంటే పొడవు కర్ర చివర గొడ్డలి ఉన్న ఆయుధం. ఎదురుగా రెండు చేతుల గొడ్డలితో వాన్‌గార్డ్ అనే ఇంకో క్లాస్ వాడు. వాడు కుడి వైపు నుంచి స్లాష్ ఎత్తాడు, మీరు కొసని చూసి బ్లాక్ పట్టారు, ఠంగ్ మని తగిలింది. ఈ క్షణంలో వంతు మీది. ఆ శబ్దం వినపడగానే ఎటాక్ నొక్కితే అది మామూలు దెబ్బ కాదు, రిపోస్ట్, బ్లాక్ లోంచి నేరుగా పుట్టిన దెబ్బ, వాడు రెండో దెబ్బ ఎత్తినా మీదే ముందు దిగుతుంది. ఇక్కడ కొత్తవాడు ఏం చేస్తాడంటే, బ్లాక్ అయినందుకు హమ్మయ్య అనుకుని బటన్ పట్టుకునే ఉంటాడు, అవతలివాడు ఇంకో దెబ్బ, మళ్ళీ బ్లాక్, ఇంకో దెబ్బ, మళ్ళీ బ్లాక్, స్టామినా (దమ్ము) కరిగిపోతుంది, నాలుగోసారి ఆయుధం చేతిలోంచి ఎగిరిపోతుంది. సరే, మీరు అలా చేయలేదు, రిపోస్ట్ వేశారు. వాడు దాన్ని బ్లాక్ చేశాడు. ఇప్పుడు వంతు వాడిది. మీ వేలు మాత్రం ఎటాక్ మీదే ఉంది, ఇంకోటి వేద్దామని. వేస్తే ఏమవుతుంది? మీ విండప్ సగంలో ఉండగా వాడి రిపోస్ట్ వచ్చి తగులుతుంది, మీ దెబ్బ రద్దు, తగిలింది కాబట్టి వంతు ఇంకా వాడిదే, మీకు కోపం వస్తుంది, మళ్ళీ ఎటాక్ నొక్కుతారు, మళ్ళీ అదే. రెండు మూడు దెబ్బల్లో పని అయిపోతుంది. బయట నుంచి చూస్తే వాడు చాలా ఫాస్ట్ గా కొట్టినట్టు కనపడుతుంది, నిజానికి వాడు తన వంతులో కొట్టాడు, మీరు వాడి వంతులో కొట్టబోయారు, అంతే తేడా.

వంతు లేనప్పుడు కొట్టడాన్ని ఆటగాళ్ళు గ్యాంబుల్ అంటారు, పేకాటలో పందెం కాసినట్టే, ఎప్పుడో ఒకసారి పేలుతుంది, ఎక్కువసార్లు మునుగుతారు. అయితే గ్యాంబుల్ ఎప్పుడూ తప్పేనా అంటే కాదు, అది తెలియాలంటే ఫెయింట్ గురించి తెలియాలి. ఫెయింట్ అంటే విండప్ లో ఉన్న దెబ్బని మధ్యలో ఆపేయడం. వాడు ఎత్తాడు, మీరు భయపడి మోర్డ్‌హావ్ లో ప్యారీ నొక్కారు, వాడు దెబ్బ వేయలేదు, మీ ప్యారీ గాలికి పోయింది, అది అయిపోయిన గ్యాప్ లో అసలు దెబ్బ వచ్చింది. మార్ఫ్ అని ఇంకోటి ఉంది, స్లాష్ ఎత్తి మధ్యలో పొడుపుగా మార్చేయడం. ఇవన్నీ వంతు ఉన్నవాడు చెప్పే అబద్ధాలు. కానీ అబద్ధానికి ఖర్చు ఉంటుంది, స్టామినా పోతుంది, టైమ్ కూడా పోతుంది. ఫెయింట్ చేసినవాడు తన వంతు తనే కొంత తగలేసుకున్నాడు. కాబట్టి ప్రతిసారీ ఫెయింట్ చేసేవాడు మీకు తగిలితే, వాడు ఎత్తిన వెంటనే భయపడకుండా ఒక త్వరగా తగిలే దెబ్బ, ముఖ్యంగా స్టాబ్ (సూటి పొడుపు) వేసి చూడండి, వాడి చెయ్యి వెనక్కి పోయి ముందుకొచ్చే లోపు మీది గుచ్చుకుంటుంది. వాడికి ఫెయింట్ మీద నమ్మకం పోతుంది, మామూలుగా కొట్టడం మొదలెడతాడు, మామూలు దెబ్బ అయితే మీరు బ్లాక్ చేయగలరు. ఇలా ఒకరి అలవాటుని ఇంకొకరు చదువుకోవడమే ఈ ఆటలో అసలు మజా.

చివల్రీ 2 లో కొత్తవాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది, బ్లాక్ ని పట్టుకుని ఉండొచ్చు. మోర్డ్‌హావ్ లో షీల్డ్ ఉంటే తప్ప అలా కుదరదు, టైమ్ చూసి నొక్కాల్సిందే. అందుకే మొదటి గేమ్ ఏది మొదలెట్టాలి అని ఎవరైనా అడిగితే నేను చివల్రీ 2 అనే చెప్తాను. పట్టుకుని ఉండే బ్లాక్ ఉంటే ఫెయింట్ల భయం సగం తగ్గుతుంది, వాడు ఎన్నిసార్లు ఎత్తి దించినా మీరు కదలకుండా అలాగే పట్టుకుని ఉంటారు. మరి అదే పనిగా పట్టుకుంటే సరిపోద్దా అంటే దానికి విరుగుడు తన్ను. బ్లాక్ పట్టుకున్నవాడిని తంతే వాడు ఒక్కసారిగా తూలిపోతాడు, ఆ మీద పడే దెబ్బ ఆపలేడు. తన్ను చాలా దగ్గరగా ఉంటేనే తగులుతుంది కాబట్టి ఎవరైనా దెబ్బ వేయకుండా మీ మీదకి మీదకి వచ్చేస్తున్నాడంటే అది తన్నడానికే అని అనుమానించి ఒక అడుగు వెనక్కో పక్కకో జరగండి.

కౌంటర్ అనేది చివల్రీ 2 లో కొంచెం ఆలస్యంగా నేర్చుకున్నా పర్లేదు గానీ తప్పకుండా నేర్చుకోవాల్సినది. అవతలివాడు ఏ రకం దెబ్బ ఎత్తాడో అదే రకం మీరూ మొదలుపెట్టి, తగలబోయే ముందు బ్లాక్ నొక్కాలి. స్లాష్ కి స్లాష్, ఓవర్‌హెడ్ (పైనుంచి నిలువుగా దిగే దెబ్బ) కి ఓవర్‌హెడ్, స్టాబ్ కి స్టాబ్. కుదిరితే ఆ బ్లాక్ కి స్టామినా ఖర్చు ఉండదు, పైగా తిరిగి కొట్టే దెబ్బ ఇంకా గట్టిగా మీ చేతికి వస్తుంది. కుదరకపోయినా నష్టం పెద్దగా లేదు, రకం తప్పితే మామూలు బ్లాక్ అవుతుంది, అంతే. మోర్డ్‌హావ్ లో దీనికి చుట్టం ఛాంబర్, అక్కడ బ్లాక్ బటనే ఉండదు, అదే రకాన్ని అదే వైపు నుంచి సరైన క్షణంలో మొదలెడితే రెండు ఆయుధాలూ ఢీకొంటాయి. అది కష్టం, మొదటి నెలలో దాని జోలికి వెళ్ళకపోయినా ఏం కాదు.

స్టామినా మాట పైన వచ్చింది కదా, దాన్ని హెల్త్ కంటే ముందు చూసుకోండి. బ్లాక్ కి పోతుంది, ఫెయింట్ కి పోతుంది, మోర్డ్‌హావ్ లో గాల్లోకి ఊపినా పోతుంది, తగిలితే తిరిగి వస్తుంది. సున్నా అయ్యాక ఇంకో దెబ్బ బ్లాక్ చేస్తే చేతిలో ఆయుధం జారిపోతుంది, అక్కడి నుంచి చిన్న కత్తితో మేనేజ్ చేయాలి, లేదా కింద పడి ఉన్న ఏదో ఒకటి తీసుకోవాలి. కాబట్టి సగానికి పడిపోగానే రెండు అడుగులు దూరం జరగండి. ఎవరూ మిమ్మల్ని కట్టేసి కొట్టడం లేదు, తప్పుకోవడం కూడా ఒక ఎత్తే.

ఇంతవరకు చెప్పింది ఒకడితో ఒకడు కొట్టుకునేటప్పటి లెక్క. కానీ చివల్రీ 2 ఫుల్ మ్యాచ్ అంటే 64 మంది, అగథా ఒక వైపు, మేసన్ ఇంకో వైపు. అక్కడ మీరు ఎంత బాగా వంతులు చదివినా వెనకనుంచి ఇంకెవడో వచ్చి వీపు మీద వేస్తే ఆ లెక్క అంతా వృథా. నిజానికి కొత్తవాళ్ళ చావుల్లో ఎక్కువ భాగం ఎదురుగా ఉన్నవాడి వల్ల జరగవు, చూడనివాడి వల్ల జరుగుతాయి. అందుకే రెండో విషయం, ఎక్కడ నిలబడ్డారు అనేది.

స్పాన్ అయిన వెంటనే జరిగేది గుర్తుతెచ్చుకోండి, సీ బటన్ నొక్కి అరుచుకుంటూ ఒక్కరే పరిగెత్తుతారు, మీ టీమ్ లో ముందు బ్యాచ్ అప్పటికే చచ్చిపోయి ఉంటుంది, తర్వాతి బ్యాచ్ ఇంకా వెనక ఉంటుంది, మీరు ఒక్కరే నలుగురి మధ్యకి చేరుకుంటారు. అది ధైర్యం కాదు, ఫ్రీ కిల్ ఇచ్చి రావడం. అరవండి, అరుపు ఈ గేములో అందమైన విషయం, కానీ పక్కన ఇద్దరో ముగ్గురో వచ్చేదాకా ఆగి వాళ్ళతో కలిసి వెళ్ళండి. కబడ్డీలో చెయిన్ ఎలా పట్టుకుంటారో అలా, పక్కవాడికి మరీ దూరం పోకుండా, వాడి మీద పడకుండా. మీ టీమ్‌మేట్ ఎవడితోనో కొట్టుకుంటుంటే వెనక నిలబడి చూడకండి, అలాగని మధ్యలో దూరకండి, పక్క నుంచి చుట్టి వెళ్ళి ఆ ఎదుటివాడి భుజం వైపు నుంచి ఒక ఓవర్‌హెడ్ వేయండి. వాడు మీ టీమ్‌మేట్ ఆయుధం కొసని చూస్తున్నాడు, మీది చూడలేడు.

ఇక్కడే సొంతవాళ్ళని కొట్టేయడం అనే పెద్ద సమస్య ఉంది. ఈ రెండు గేముల్లోనూ ఫ్రెండ్లీ ఫైర్ ఉంటుంది. గుంపులో స్లాష్ కొడితే అటూ ఇటూ ఉన్న మనవాళ్ళకి తగులుతుంది, వాడి విండప్ రద్దయి వాడు చచ్చిపోతాడు కూడా. ఇరుకైన చోట, మెట్ల మీద, గేటు దగ్గర, ఓవర్‌హెడ్ గానీ స్టాబ్ గానీ వాడండి, నిలువుగా దిగేది, సూటిగా వెళ్ళేది. పొడవాటి కర్ర ఆయుధాలు ఉన్నవాళ్ళకి గేటు దగ్గర నిజంగా పండగే, ముందు వరసలో షీల్డ్ ఉన్నవాడి భుజం మీదుగా పొడవొచ్చు, మీ దాకా ఎవరి ఆయుధం రాదు. కొత్తవాళ్ళకి నేను ఫుట్‌మ్యాన్ లో పొడవు ఆయుధాల రకమైన పోల్‌మ్యాన్ తో మొదలెట్టమని చెప్పేది అందుకే. రెండో వరసలో నిలబడితే మీకు చూడటానికి టైమ్ దొరుకుతుంది, అవతలివాళ్ళు ఎప్పుడు ఎత్తుతున్నారు, మనవాళ్ళు ఎప్పుడు బ్లాక్ చేస్తున్నారు, ఇవన్నీ ప్రాణం పోకుండా చదువుకోవచ్చు.

ఒక్కరికి ఇద్దరు తగులుకుంటే ఏం చేయాలి? మొదటి సమాధానం పరుగు, మనవాళ్ళ వైపు, సిగ్గుపడక్కర్లేదు. వెనక్కి నడుస్తూ కాదు, పూర్తిగా తిరిగి పరిగెత్తాలి, ఎందుకంటే వెనక్కి నడిచే స్పీడ్ ముందుకి వచ్చేవాడి స్పీడ్ కంటే తక్కువ, అలా ఎవరూ తప్పించుకోలేరు. పారిపోవడం కుదరకపోతే ఇద్దరి మధ్యలో మాత్రం ఉండొద్దు. గుండ్రంగా తిరుగుతూ ఒకడిని ఇంకొకడి వెనక్కి వచ్చేలా చేయండి, అప్పుడు వెనకవాడు కొడితే వాడి మనిషికే తగులుతుంది, ఆ భయానికి ఆగుతాడు. ఇంకో ముఖ్యమైన మెకానిక్, చివల్రీ 2 లో రిపోస్ట్ గానీ కౌంటర్ తర్వాతి దెబ్బ గానీ ఎత్తుతున్న టైమ్ లో అది మీకు బ్లాక్ లాగా కూడా పనిచేస్తుంది, అంటే మొదటివాడి దెబ్బ ఆపి రిపోస్ట్ మొదలెట్టగానే రెండోవాడి దెబ్బ వచ్చినా, మీరు వాడి వైపు చూస్తూ ఉంటే అదీ ఆగుతుంది. ముగ్గురిని ఒక్కడే ఆడించే వీడియోలు చూసి నోరెళ్ళబెడతాం కదా, అందులో ఉన్న రహస్యం ఎక్కువగా ఇదే. వాళ్ళు మొదటి దెబ్బ తాము వేయరు, వేరేవాళ్ళు వేసేదాకా ఆగుతారు.

పారిపోయేవాడి వెనక పరిగెత్తడం గురించి కూడా గట్టిగా చెప్పాలి, వద్దు. వాడు సగం హెల్త్ తో పోతున్నాడు, ఒక్క దెబ్బ వేస్తే చాలు అనిపిస్తుంది, వాడు వెళ్ళేది వాడి టీమ్ స్పాన్ వైపే. మీ వెనక మనవాళ్ళు ఉండరు, ముందు వాళ్ళ కొత్త బ్యాచ్ దిగుతుంది. వాడిని వదిలేసి ఆబ్జెక్టివ్, అంటే మ్యాచ్ లో టీమ్ చేయాల్సిన పని, చూడండి. అటాక్ చేసే టీమ్ అయితే సీజ్ టవర్ నెట్టడమో, జోన్ పట్టుకోవడమో, ఏదో తగలబెట్టడమో ఉంటుంది. కొత్తవాడు జోన్ లో ఊరికే నిలబడి బ్లాక్ పట్టుకుని పది సెకన్లు బతికినా టీమ్ కి పనికొచ్చినట్టే, అదే ఎక్కడో మూల పొదల్లో ఒకడిని చంపి వచ్చినా మ్యాచ్ కి పెద్దగా ఒరిగేది లేదు. కింద పడ్డ టీమ్‌మేట్ పాకుతూ కనపడితే లేపండి, కానీ ముందు చుట్టూ ఒకసారి చూసి లేపండి, లేపుతుండగా ఇద్దరూ పోతే ఏం లాభం. దెబ్బలు తగిలితే బ్యాండేజ్ వాడి, కాసేపు పోట్లాటకి దూరంగా ఉండి హెల్త్ పెరగనిచ్చి మళ్ళీ రండి. ఈ ఒక్క అలవాటుతోనే మనిషి ఆట మారిపోవడం చూశాను.

క్లాస్ గురించి రెండు మాటలు. చివల్రీ 2 లో నైట్ కి 175 హెల్త్, ఫుట్‌మ్యాన్ కి 150, వాన్‌గార్డ్ కి 130, ఆర్చర్ కి 90. వాన్‌గార్డ్ ఎగిరి కొట్టే దెబ్బ చూసి చాలామంది దాంతోనే మొదలెడతారు, ఎగిరి గాల్లో ఉండగా బ్లాక్ చేయలేరు, దిగేసరికి ఎవరో సిద్ధంగా ఉంటారు. ఆర్చర్ సేఫ్ అనిపిస్తుంది గానీ దాంతో కత్తి పట్టడం ఎప్పటికీ రాదు. ఆయుధం దగ్గరికొస్తే, సుత్తి, గద లాంటి మొద్దు ఆయుధాలు నైట్, ఫుట్‌మ్యాన్ లాంటి బరువు క్లాసుల మీద ఎక్కువ డ్యామేజ్ ఇస్తాయి, కత్తి లాంటివి అక్కడ వెనకపడతాయి. ఇది గేమ్ వాళ్ళు ఊరికే పెట్టిన రూల్ కాదు, నిజంగా ప్లేట్ ఆర్మర్ వేసుకున్నవాడిని కత్తి అంచుతో కోయడం దాదాపు జరగని పని. 15వ శతాబ్దపు యూరప్ పోరాట గ్రంథాల బొమ్మల్లో బ్లేడ్ ని రెండు చేతులతో పట్టుకుని కత్తిని తిరగేసి పిడితో మోదుతూ కనిపిస్తారు, పిడికి గద లాంటి బరువు వస్తుందని. మోర్డ్‌హావ్ లో లాంగ్‌సోర్డ్ కి ఆర్ బటన్ తో ఆ పట్టు మార్చుకోవచ్చు, ఇనుప కవచం వేసుకున్నవాడు ఎదురైతే ఆ పట్టు వాడి చూడండి. మోర్డ్‌హావ్ లో మీ లోడౌట్ (ఆయుధాలు, కవచం) మీరే పాయింట్లతో కట్టుకోవాలి, మొదట్లో ఆర్మర్ మీద, ముఖ్యంగా తల మీద పాయింట్లు పెట్టండి, కొత్తవాళ్ళు ఎక్కువగా తినేది తల మీదే.

ఇక పింగ్. హైదరాబాద్ లోనో విజయవాడలోనో కూర్చుని ఆడే మనకి ఇది పక్కన పెట్టేసే విషయం కాదు. అవతలివాడు దెబ్బ ఎత్తిన సంగతి సర్వర్ నుంచి మీ దాకా రావడానికి కొంత టైమ్, మీరు బ్లాక్ నొక్కిన సంగతి తిరిగి సర్వర్ కి చేరడానికి కొంత టైమ్, ఈ రెండూ కలిపితేనే పింగ్. 100 పింగ్ అంటే వాడి విండప్ లోంచి సెకనులో పదో వంతు మీకు తెలియకుండానే పోయింది అన్నమాట. కంటికి కనపడ్డాక వేలు కదలడానికి మామూలు మనిషికి సెకనులో నాలుగో వంతు దాకా పడుతుంది. ఉన్నదే చిన్న కిటికీ, అందులో ఇంత పోతే మిగిలేది ఎంత. అందుకే సర్వర్ లిస్ట్ ని పింగ్ ప్రకారం పెట్టుకుని దగ్గర్లో ఉన్నది ఎంచుకోండి, ఆసియా సర్వర్ లో మనుషులు ఉంటే యూరప్ కి పోకండి. వైఫై కంటే కేబుల్ మేలు, ఎందుకంటే ఎక్కువ పింగ్ కి అలవాటు పడొచ్చు గానీ ఒకసారి 80, ఒకసారి 200 అయ్యే పింగ్ కి చెయ్యి అలవాటు పడదు. పింగ్ తప్పనిసరిగా ఎక్కువ ఉంటే ఆట తీరు మార్చుకోండి, చివరి క్షణం దాకా ఆగి బ్లాక్ చేసే ఆటకి పోకుండా, చివల్రీ 2 లో కొంచెం ముందుగానే బ్లాక్ పట్టండి, పొడవాటి ఆయుధం తీసుకుని దూరం ఉంచండి, ఛాంబర్ల లాంటివి మర్చిపోండి. మస్కట్ నుంచో డల్లాస్ నుంచో ఆడే మనవాళ్ళతో కలిసి పార్టీ కట్టేటప్పుడు ఇంకో చిక్కు, ఎవరో ఒకరికి పింగ్ తప్పదు, ఆ ఒక్కరిని రెండో వరసలో పెట్టి మిగతావాళ్ళు ముందు ఉంటే సర్దుకుంటుంది.

ఇదే జాతిలో ఫర్ ఆనర్, బ్యానర్‌లార్డ్ కూడా ఉన్నాయి. 2017 లో వచ్చిన ఫర్ ఆనర్ లో గార్డ్ మూడు వైపులు, పైన, ఎడమ, కుడి, ఎదుటివాడి మీద లాక్ చేసి ఆడతారు కాబట్టి డ్రాగ్‌ల గొడవ ఉండదు, కానీ ఒక్కో హీరోకి ఒక్కో మూవ్‌సెట్, అవన్నీ గుర్తుపెట్టుకోవాలి. బ్యానర్‌లార్డ్ లోనూ పాత వార్‌బ్యాండ్ లోనూ కొట్టడానికి నాలుగు వైపులు, షీల్డ్ లేకపోతే బ్లాక్ కీ అవే నాలుగు వైపులు, పైగా గుర్రాలు. రౌతు స్పీడ్ కూడా డ్యామేజ్ లోకి కలుస్తుంది కాబట్టి ఎదురుగా వస్తున్న గుర్రానికి ఎదురు పరిగెత్తడం అనేది అక్కడ కొత్తవాళ్ళు చేసే ప్రత్యేకమైన తప్పు. వంతు, చోటు అనే రెండు లెక్కలు మాత్రం అక్కడా ఇవే.

ప్రాక్టీస్ ఎలా? ముందు ట్యుటోరియల్ పూర్తిగా చేయండి, చాలామంది దాటేస్తారు. తర్వాత బాట్స్ (కంప్యూటర్ ఆడించే ఆటగాళ్ళు) తో ఆఫ్‌లైన్ మ్యాచ్ పెట్టుకుని ఒకే ఒక్క పని చేయండి, అసలు మొదటి దెబ్బ వేయకూడదు, బ్లాక్ చేసి రిపోస్ట్ మాత్రమే. వేలికి అది పట్టుబడ్డాక పెద్ద మ్యాచ్ ల్లోకి వెళ్ళండి, ఎఫ్‌ఓవీ (స్క్రీన్ మీద కనపడే చూపు వెడల్పు) కొంచెం పెంచుకుంటే పక్కన ఏం జరుగుతోందో తెలుస్తుంది, మరీ ఉక్కిరిబిక్కిరిగా ఉంటే థర్డ్ పర్సన్ (మీ పాత్రని వెనక నుంచి చూపించే వ్యూ) కి మార్చుకోండి. ఆ తర్వాత ఒకడితో ఒకడు ఆడే డ్యుయల్ సర్వర్లు. అక్కడ మర్యాద వేరే ఉంటుంది, కొట్టుకుంటున్న ఇద్దరి మధ్యలోకి వెళ్ళకూడదు, ఊరికే నిలబడ్డవాడి ఎదురుగా వెళ్ళి ఆయుధం ఊపో, నమస్కారం పెట్టో అడగాలి, వాడూ అలాగే చేస్తే మొదలు. ఓడిపోయాక వెంటనే ఇంకోడి దగ్గరికి పరిగెత్తకుండా అదే మనిషితో మళ్ళీ ఆడండి, అదే అలవాటు రెండోసారి కనపడుతుంది, మూడోసారి దానికి సమాధానం దొరుకుతుంది. చాట్ లో "నేను ఎక్కడ గ్యాంబుల్ చేశాను" అని అడిగితే చెప్పేవాళ్ళు చాలామందే ఉంటారు, కొంతమంది ఆట ఆపి మరీ అదే దెబ్బని మెల్లగా మళ్ళీ మళ్ళీ వేసి చూపిస్తారు.